పదికి సున్నా

మన్మథరావు మాస్టారు రోజూ పొద్దున హాజరు వేసి, కుర్చీలోంచి లేచి, మా ఆరో తరగతి ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. పరీక్షకు. రోజుకొకరు ఆయన్ని ఒక ప్రశ్న అడగాలి, పదికి ఎన్నొచ్చాయో బోర్డు మీద వెయ్యాలి. ఆయన పాసైన రోజు నాకు గుర్తు లేదు.

పుస్తకంలో ఉన్నది అడగకూడదు. అందుకని మేం సైకిల్ షాపుల్లో, బెల్లం బట్టీల దగ్గర ప్రశ్నలు ఏరుకొచ్చేవాళ్లం. పాకం ముదిరిందని ఎలా తెలుస్తుందని చిట్టిరాజు అడిగాడు.

"గడియారం చూసి," అన్నారు మాస్టారు.

"మా నాన్నింటే నవ్వుతాడండి. నీళ్లలో సుక్కేసి సూడాలి. రెండు మార్కులు."

"రెండెందుకురా?"

"బుద్దిగా నిలబడ్డారు కదండి."

తప్పు జవాబుకు పదిసార్లు ఇంపోజిషన్. ఆయన మర్నాడు రాసుకొచ్చేవారు.

"మళ్లీ ఫెయిలయ్యారటండీ?" అనేవారు హెడ్మిస్ట్రెస్ రాజేశ్వరిగారు.

"పిల్లలు బాగా స్ట్రిక్టండీ."

చింతపల్లి వైపు కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో చేరిన దేవి మూడు నెలలు నోరు విప్పలేదు. యూనిట్ టెస్టులకు తెల్ల కాగితాలిచ్చింది. చదువుకు పనికిరాదని బడి తేల్చేసింది. వాళ్ల నాన్న సింగన్న, విస్తర్లు కుట్టేందుకు సంతకు తెచ్చిన అడ్డాకుల మోపుతోనే, టీసీకి మా క్లాసులోకే వచ్చాడు.

"దీనికేటీ రాదంటన్నారు బాబూ. తీసుకుపోతాను."

అతని వెనకే వచ్చిన రాజేశ్వరిగారు పెన్ను మూత తీశారు.

"ఇవాళ నాకు పరీక్ష పెట్టే వంతు దేవిదండీ," అన్నారు మాస్టారు. "అదయ్యాక సంతకం పెట్టండి."

దేవి మోపులోంచి నాలుగు ఆకులు, పుల్లలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇస్తరి కుట్టండి."

అదే మేం విన్న మొదటి మాట.

మాస్టారు చెమటలు కక్కుతూ కుట్టారు. దేవి అందులో నీళ్లు పోసింది. నీళ్లన్నీ ఆయన ప్యాంటు మీదికొచ్చాయి. క్లాసంతా నవ్వింది, దేవి కూడా.

"పుల్ల అటు కాదండి. ఇలాగ," అని కూర్చుని చూపించి, లేచి బోర్డు మీద సున్నా వేసింది.

"నేర్పడం మొదలెట్టింది. ఇప్పుడు తీసుకుపోతే నా గతేంటి సింగన్నా?"

సింగన్న ఆ విస్తరిని తిప్పి తిప్పి చూశాడు.

"ఈ ఏడు ఉండనీండి బాబూ. మీకు బేగి రాదు."

రాజేశ్వరిగారు పెన్నుకు మూత పెట్టారు.

పదకొండేళ్ల తర్వాత, పోయిన నెలలో, ఆయన దగ్గర తీసుకున్న పుస్తకం తిరిగివ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ మహాలక్ష్మమ్మగారు వరండాలో విస్తర్లు కుడుతున్నారు. పక్కన మాస్టారు, పేపరు చదువుకుంటూ, చేతుల వైపు చూడకుండానే కుట్టేస్తున్నారు. చుక్క కారేలా లేవు.

"ఐదో ఏట నుంచీ కుడతన్నాడమ్మా. ఇయ్యి అమ్మే ఈడికి ఫీజులు కట్టాను," అన్నారావిడ.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన పేపరు కాస్త పైకెత్తారు.

"దేవికి చెప్పకమ్మా. నా సున్నా పోతుంది."

దేవి ఇప్పుడు విశాఖలో నర్సింగ్ చదువుతోంది. మాస్టారు ఇంకా ఆరో తరగతికే చెబుతున్నారు. మొన్న సోమవారం ఆయనకు మూడు మార్కులొచ్చాయి.