జేబుల సంచి

టైలరమ్మ వారం రోజులు నడుస్తానంది. తమ ఊరి దగ్గర సముద్రంలో కలిసే ఏరు ఏ కొండల్లో పుడుతుందో అక్కడిదాకా, గట్టు పట్టుకుని, ఉప్పు మడులూ పొలాలూ అడవీ దాటుకుంటూ. ఇంట్లోవాళ్ళు నవ్వారు. ఆమె మ్యాపును గోడకు అంటించి, ఏ పూట ఎక్కడ ఆగాలో బట్టల సుద్దతో గుర్తులు పెట్టేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతుందట," అంది అత్తగారు. ఆవిడ నోట మంచిమాట విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు.

"ఇన్నేళ్ళుగా మిషను తొక్కుతూనే ఉన్నాను కదత్తయ్యా. ఎంత తొక్కినా గుమ్మం దాటింది లేదు."

భర్త స్కూటర్ల మెకానిక్కు. ఆయన బెంగంతా ఆమె మోకాళ్ళ గురించే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. నిండు సంచి భుజాన వేసుకుని ఊరిచివరి గుట్ట ఎక్కి దిగి, తన కాళ్ళతోనే ఇల్లు చేరాలి. చేరలేకపోతే ఇక ఆ ఊసెత్తకూడదు.

సంచి దగ్గరే టైలరమ్మ పప్పులో కాలేసింది. కుట్టేది తనే, ఇంక అడ్డేముంది? దళసరి కాన్వాసు తెచ్చి నీళ్ళసీసాకో జేబు, దువ్వెనకో జేబు, సబ్బుకో జేబు వేసింది. భర్త స్పానరుకు ఒకటి కుట్టమన్నాడు.

"నడకలో స్పానరెందుకండీ?"

"ఉంటే మంచిదేగా."

అత్తగారు మోకాళ్ళ నూనెకు అన్నిటికన్నా పెద్ద జేబు కావాలంది. జేబులకు మూతలు, మూతలకు గుండీలు, లోపల లైనింగు. పని చూసుకుని టైలరమ్మ మురిసిపోయింది.

గుట్ట సగం ఎక్కేసరికి నడుము పట్టేసి కూలబడింది. కింద కాచుకున్న భర్త వచ్చి స్కూటరెక్కించుకున్నాడు. ఇంటికొచ్చి సంచి ఖాళీ చేసి ఎత్తి చూస్తే, ఉత్త సంచే బియ్యం మూటంత బరువుంది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఓడింది నా కాళ్ళు కాదండీ, నా కుట్టు. రిపేరు చేశాక మీరు బండిని ఇంకోసారి నడిపి చూడరా?"

ఇంకోసారి ఎక్కి చూడమని మెకానిక్కు ఒప్పుకున్నాడు.

ముచ్చటపడి వేసిన కుట్లన్నీ తన చేత్తోనే విప్పేసింది. అత్తగారు సణుగుతూనే దారపు ముక్కలు ఏరి, నూనెను చిన్న సీసాలోకి వంచి ఇచ్చింది. పల్చటి గుడ్డతో, ఒక్క జేబుతో సంచి మళ్ళీ తయారైంది. స్పానరు కొట్టుకు వెళ్ళిపోయింది.

ఈసారి గుట్ట పైదాకా ఎక్కింది. కింద ఏరు మెలికలు తిరుగుతూ పొలాల్లోంచి అడవిలోకి పోతోంది. దూరంగా కొండలు కనబడుతున్నాయి. అక్కడికే నేను వెళ్ళేది అనుకుంటే ఆమెకు తన మీద తనకే గర్వం కలిగింది.

దిగేసరికి భర్త బండి స్టార్టు చేసి ఉంచాడు.

"ఎక్కు, అలిసిపోయావు."

"ఇల్లింకా రాలేదు కదండీ," అని ఆమె ముందుకు సాగిపోయింది.

ఆయన ఇంజను ఆపి, బండి తోసుకుంటూ వెనకే నడిచాడు. టీకొట్టతను చూసి నవ్వాడు.

"ఏం మెకానిక్కు గారూ, మీ బండే మొరాయించిందా?"

"బండికేం, బంగారంలా ఉంది. మా ఆవిడ నడుస్తోంది."

వీధి మలుపు తిరిగాక, ఎవరూ అడక్కపోయినా, ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పాడు.