పాస్‌వర్డ్ అడగని అత్తమ్మ

మా అత్తమ్మ దృష్టిలో వైఫై పాస్‌వర్డూ, తోడు పెరుగూ ఒకటే. ఎవరైనా వచ్చి అడిగితే లేదనకూడదు. కాకపోతే దీపాలు పెట్టాక ఇవ్వకూడదు, శుక్రవారం అసలే ఇవ్వకూడదు. శుక్రవారం నాడు వచ్చి అడిగినవాళ్లను "రేపు పొద్దుగాల రా బిడ్డా, ఇయ్యాల ఇయ్యద్దు" అని పంపించేసేది. మా ఇంటి నెట్‌వర్క్‌కు ఉన్న భద్రత మొత్తం అదే. వారానికి ఒక రోజు లక్ష్మీదేవి కాపలా, మిగతా రోజులన్నీ తలుపులు బార్లా.

మహబూబాబాద్ బజారులో మాకు కింద మిర్చి, పప్పుల హోల్‌సేల్ దుకాణం, పైన ఇల్లు. పాస్‌వర్డ్ పెట్టిన మహానుభావుడు మా ఆయన. అమ్మకు గుర్తుండాలని చిల్పూరు గుట్ట మీది బుగులు వెంకన్న పేరు పెట్టి, వెనకాల ఒకటి రెండు మూడు తగిలించాడు. అత్తమ్మ తల్లిగారిల్లు జనగామ దిక్కు, ఆ దేవుడంటే ప్రాణం. ఇంకేముంది! ఎంతమంది ఆ పేరు ఫోనులో కొడితే అంత పుణ్యమని లెక్కేసుకుంది. హమాలీలు, ఆటోవాళ్లు, సరుకు కోసం గార్ల ఊరి నుంచి వచ్చే కిరాణా ఆయన, అందరూ మా మెట్ల మీద చేరి, దేవుడి పేరు కొట్టి, ఆ తర్వాత చూడరాని వీడియోలన్నీ చూసేవాళ్లు. ఆ దేవుడికి అంత ఓపిక ఎలా ఉందో నాకు తెలియదు, నాకైతే లేదు.

ఒకరోజు మెట్ల మీద నేనెప్పుడూ చూడని మనిషి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఫోను ఛార్జింగుకు కూడా మా ప్లగ్గే.

"ఎవరత్తమ్మా ఆయన?" అన్నాను.

"ఏమో బిడ్డా, ఎవలో పాపం. అడిగిండు, చెప్పిన."

"ఎవలో తెల్వనోళ్లకు చెప్తరా అత్తమ్మా?"

"దూపైతుందంటె ఊరు, పేరు అడిగి నీళ్లిస్తమా? గిదేమన్న మనింట్ల వండిందా, గాలిల వచ్చేదే గద. ఇస్తె తరుగుతదా?"

ఎందుకు తరగదు! నేను మీటింగులో మాట్లాడుతుంటే నా బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయేది. అటువైపు పదిమంది నా కొండనాలుకను తీరిగ్గా చూసేవాళ్లు.

నాది హైదరాబాదు కంపెనీలో ఇన్సూరెన్సు ఫిర్యాదులు చూసే ఉద్యోగం. ఎవరికి ఏ జబ్బో, ఏ దవాఖానలో ఏం కోశారో అన్నీ నా కంప్యూటర్లోనే ఉంటాయి. పాప పుట్టాక బతిమాలితే ఇంటి నుంచి చేసుకోమన్నారు. పాప ఇంకా పాలు తాగుతోంది. సీసా పెడితే మొహం తిప్పుకుంటుంది, నేను కనపడకపోతే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది.

అలాంటి సమయంలో కంపెనీ భద్రతా అధికారి ఒకాయన ఫోన్ చేశాడు. నా కంప్యూటర్ తెరను తన దగ్గర నుంచే చూస్తూ, రౌటర్ పేజీ తెరవమన్నాడు. తెరిచాను. మా నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్లన్నీ వరసగా వచ్చాయి. పేజీ కిందికి జరుపుతున్నాను, అయిపోవడం లేదు.

"మేడం, మీది ఇల్లా, బస్టాండా?" అన్నాడు.

రేపు మధ్యాహ్నం మళ్లీ చూస్తాననీ, ఇంటివాళ్లు కాక బయటి ఫోను ఒక్కటి కనిపించినా నేను హైదరాబాదు ఆఫీసుకు వచ్చి పనిచేయాల్సిందేననీ చెప్పి పెట్టేశాడు. అంటే లేడీస్ హాస్టల్లో నేను, ఇక్కడ పాప.

మా ఆయనకు చెప్తే, "నువ్వే చెప్పు అమ్మకు, నేను చెప్తే కొడ్తది" అని దుకాణంలోకి దిగిపోయాడు. ధైర్యానికి మారుపేరు! వచ్చినవాళ్లకు విడిగా ఇంకో నెట్‌వర్క్ ఇచ్చే సౌకర్యం కొన్ని రౌటర్లలో ఉంటుంది. మాది కనెక్షన్‌తో ఫ్రీగా వస్తుందని ఈయన మురిసిపోతూ తీసుకున్న పెట్టె, దాంట్లో ఆ సౌకర్యం లేదు. పైగా దాని లోపలి సెట్టింగులకు వెళ్లే పాస్‌వర్డ్, కంపెనీవాడు దాని అడుగున అంటించిందే ఇంకా నడుస్తోంది. తాళంచెవిని తలుపుకే వేలాడదీసినట్టు. అది మార్చాను. దేవుడికి దండం పెట్టుకుని వైఫై పాస్‌వర్డూ మార్చాను. ఈసారి అర్థం పర్థం లేని అక్షరాలూ అంకెలూ ఇంత పొడుగున పెట్టాను. మెట్ల మీద ఒక్కసారిగా, "ఏందిరా, పోయింది?" అని గోల లేచింది.

అత్తమ్మ మిర్చి తొడిమలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని విషయమంతా చెప్పాను. రేపు బయటివాళ్లు ఒక్కరు కనపడినా పాపను విడిచి పోవాల్సి వస్తుందని చెప్పాను. తన పుట్టింటి దేవుణ్ణి తీసేశానని కూడా చెప్పేశాను, ఎలాగూ తిట్లు తప్పవని.

తిట్టలేదు. "ఊఁ" అంది. కొత్త పాస్‌వర్డ్ ఏంటని అడగను కూడా లేదు. చెయ్యి కడుక్కుని పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. అయిపోయింది, అలిగింది అనుకున్నాను. అరిచే అత్తతో వేగొచ్చు, నోరు మూసుకున్న అత్తతో వేగడం నా వల్ల కాదు.

మర్నాడు బాగా పొద్దెక్కాక మా ఆయన చెల్లెలు భూపాలపల్లి నుంచి దిగింది. ఆమె భర్తది అక్కడి కరెంటు ప్లాంటులో ఉద్యోగం, ఆమెది రోజంతా సీరియళ్లు చూసే ఉద్యోగం. చెప్పులు విడవకముందే ఫోను తీసింది.

"వదినా, వైఫై కలుస్తలేదేంది?"

నేను పొయ్యి వైపు తిరిగి పప్పు కలుపుతున్నట్టు నటించాను. మధ్యాహ్నం ఎంతో దూరంలో లేదు.

"అమ్మా, నువ్వన్న చెప్పవే, పాస్‌వర్డ్ ఏంది?"

"నాకు తెల్వది," అంది అత్తమ్మ.

"తెల్వదా! నీకు తెల్వకుండ గీ ఇంట్ల ఉప్పు పొట్లం గూడ కదలది. తల్లిగారింటికొస్తె గింత దానికి గూడ నోసుకోలేదా నేను? బయటోళ్లందరికి ఇస్తవు, కన్నబిడ్డకియ్యవా?"

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏ తల్లి ఆగుతుంది? నన్ను పిలిచి చెప్పమంటుంది, కాదనే ధైర్యం నాకు లేదు.

"తెలుసుకోలేదే," అంది అత్తమ్మ. "కావాల్ననే అడగలే. నా నోరు నాకెర్కలేదా? తెలిస్తె నువ్వడిగినంక చెప్పకుంట ఉంటనా? నీకు చెప్తె, ఎవలొచ్చి అడిగినా చెప్త. అప్పుడు గీ పిల్ల తల్లి హైదరాబాదుల, పిల్ల ఈడ. నీకు కోపమొస్తె రానీ. గా ఏడుపు నేను ఇనలేను."

ఆడబిడ్డ ఫోను సంచిలో పడేసి, తల్లి చేతుల్లోంచి పాపను తీసుకుంది.

నేను పొయ్యి ఆర్పేసి గదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఏడుపు ఆగలేదు. నిన్నటి నుంచి ఈమెనా నేను తిట్టుకున్నది! మొహం కడుక్కునేలోపే ఫోను మోగింది.

"ఏంటి మేడం, గొంతు బాగాలేదా?" అన్నాడు అధికారి.

"బాగానే ఉంది సార్. చూసుకోండి, మా ఇంటివాళ్లు తప్ప ఎవరూ లేరు."