ముగ్గు మీద చమురు చుక్క

మొన్న మా అపార్ట్‌మెంటు సెల్లారులో నా కారు కింద ఎవరో ఒక అట్టముక్క పరిచి పెట్టారు. ఏమిటయ్యా ఇది అని వాచ్‌మన్‌ను అడిగితే, ‘ఆయిలు కారుతోంది మేడమ్, టైల్సు పాడవుతాయని సెక్రటరీ గారు పెట్టమన్నారు’ అన్నాడు. వంగి చూశాను. అట్ట మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లటి మరక. సిగ్గుపడాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ చమురు వాసన ముక్కుకు తగలగానే మదనపల్లె గుర్తొచ్చింది. తొంభైల చివర్లో, నేనింకా కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఒక అద్దె ఇంటి గేటు దగ్గర ఒక పాత కారు కింద మా మామ పడుకుని ఉండేవాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపించేవి. నేను కిరసనాయిలు డబ్బా పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. కొత్త కోడలికి ఇంతకంటే గౌరవమైన ఉద్యోగం ఆ ఇంట్లో లేదు.

మామ కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసంతా స్తంభాలూ తీగలూ చూసిన మనిషి. ఆయన ఆ పాత కారు కొన్నప్పుడు ఊళ్ళో అందరూ దర్జా కోసం అనుకున్నారు. నిజానికి అది మా అత్త మోకాళ్ళ కోసం. అత్తకు ఉన్నది ఒక్కతే చెల్లెలు, ఆమె కుప్పంలో ఉండేది. నెలకోసారైనా చెల్లెల్ని చూడకపోతే అత్తకు అన్నం సహించేది కాదు. ఒకసారి పుంగనూరు బస్టాండులో బస్సు మెట్టెక్కలేక, పైనుంచి కండక్టరు చెయ్యిపట్టి లాగితే, కింది నుంచి ఎవరో నెడితే, ఎలాగో ఎక్కిందట. ఇంటికొచ్చి, ‘ఇంక నేను కుప్పం పోనులే’ అని, మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. ఆ నెల్లోనే మామ పుంగనూరులో ఒక బట్టల వ్యాపారి దగ్గర ఈ కారు బేరమాడి తెచ్చాడు. ఎందుకు కొన్నావని ఎవరడిగినా ‘బస్సులో గాలాడదప్పా’ అనేవాడు తప్ప అసలు సంగతి చెప్పేవాడు కాదు. అది పుంగనూరు ఆవులాగే పొట్టిగా, ముద్దుగా ఉండేది. ఆ ఆవు పూటపూటకూ పాలిచ్చినట్టు ఇది చమురిచ్చేది. అదొక్కటే దానితో చిక్కు.

చిక్కు మాకంటే ఎక్కువగా మా ఇంటి ఓనరమ్మకు వచ్చిపడింది. ఆవిడ పక్క వాటాలో ఉండేది. కుప్పం నుంచి నున్నటి బండలు తెప్పించి గేటు లోపల పరిపించుకుని, రోజూ తెల్లవారుజామునే వాటిని కడిగి బియ్యప్పిండితో ముగ్గేసేది. పిండి చేతిలోంచి జారుతుంటే ఆమె ముఖంలో ఎంత ప్రశాంతత కనిపించేదో! మామ కారును బయటికి తీసి మళ్ళీ పెట్టేసరికి ఆ ముగ్గు మధ్య నల్లటి చుక్క పడేది. ముగ్గుకు చుక్కలు ఉండాల్సిందే గాని, ఇలాంటివి కాదు. చాలాకాలం ఓర్చుకుని, ఒకరోజు చేటతో సహా మా గడపలోకి వచ్చేసింది. ‘ఏమన్నా, ఈ పొద్దు గూడా నా ముగ్గు మింద చమురు కారి ఉండాదే? బుధవారం మా పాపను సూసుకునేదానికి వస్తాండారు. అంతలోపల కారకుండా చెయ్యి, లేకుంటే బండిని ఈడ్నించి తీసెయ్యి. నేను చెడ్డదాన్ని కాదు, నా బండలు పోతాండాయి’ అంది. ఆమె చెప్పింది న్యాయమే. మా వీధి ఎంత ఇరుకంటే ఎదురుగా ఎద్దులబండి వస్తే సైకిలు దిగి గోడకు ఆనుకోవాలి. కారు పెట్టడానికి వేరే చోటు లేదు. తీసెయ్యడమంటే అమ్మెయ్యడమే. టమోటా మండీలో ఒక వ్యాపారి అప్పటికే దాని మీద కన్నేసి ఉన్నాడు. మామ అతనికి కబురు పెట్టాడు, బుధవారం పొద్దున రమ్మని. ఆ కబురు అత్త చెవిన పడింది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

కారు బాగుచేయించలేదని కాదు. మదనపల్లెలో ఒక మెకానిక్కు కింద నట్టు దగ్గర వాషరు మార్చాడు. పుంగనూరులో ఇంకొకాయన, అది కాదు, సీలు పోయిందని సీలు మార్చాడు. మా ఆయన స్నేహితుడొకడు చిక్కటి ఆయిలు పోస్తే అదే సర్దుకుంటుందని చెప్పాడు. ఎవరు ఏది చేసినా చుక్క చుక్కే. అందరూ కారు కింద పడుకుని చూసినవాళ్ళే. వీళ్ళ వైద్యాలకు తోడు మామ సొంత వైద్యం ఒకటుండేది. ఆదివారం పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టి, పానాలన్నీ వరుసగా పరుచుకుని, ఇంజనులో తన చేతికందిన ప్రతి బోల్టునూ పళ్ళు బిగబట్టి ఇంకో చుట్టు బిగించేవాడు. నేను ఎందుకని అడిగితే, ‘లూజు కనెక్షనే కదమ్మా కొంపలు కాల్చేది. నా సర్వీసులో ఎన్ని సూసినానో’ అనేవాడు. కరెంటు తీగలకు అది వేదవాక్కే కాబట్టి నేనూ నమ్మాను.

మంగళవారం మధ్యాహ్నం ఓనరమ్మ ముగ్గుపిండి డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. గొడవకు వచ్చిందేమో అనుకున్నాను. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, ‘అన్నా, బండలు గేటుకల్లా వాలుగా ఉండాయి గదా, బండి మూతి గేటుకల్లా పెడితే చుక్క ముందు చక్రాల కాడ పడతాది, ఇంటికల్లా పెడితే ఎనక్కి జరిగి పడతాది. రోజూ ముగ్గేసేదాన్ని, నాకు తెలీదా? మా మిద్దె కారేటప్పుడు గూడా ఇంతే. నీళ్ళు పడేది వంటింట్లో, పగులుండేది దేవుడి గది పైన. మీరంతా యాల కిందనే ఎతుకుతాండారు? పైన సూడండి’ అంది. మామ బానెట్ ఎత్తాడు. కిరసనాయిలు గుడ్డతో ఇంజనంతా తుడిచాం. అది ఆరాక ఓనరమ్మ చెయ్యి డబ్బాలో ముంచి, అదే బియ్యప్పిండిని ఇంజను మీద పలచగా చల్లింది. కారుకు నైవేద్యం పెట్టినట్టుంది. మామ స్టార్టు చేసి దిగి వచ్చాడు. అత్తతో సహా నలుగురం తలలు లోపలికి దూర్చి చూస్తున్నాం. ఉన్నట్టుండి తెల్లటి పిండి మీద సన్నగా ఒక తడి గీత దిగింది. ఇంజను నెత్తిన ఉండే రేకు మూత అంచు నుంచి మొదలై, పక్కగా జారి, మలుపు తిరిగి, కిందికి పోతోంది.

ఇంజను ఆపి, చల్లారాక మూత విప్పాం. చమురు బయటికి రాకుండా మూతకూ ఇంజనుకూ మధ్య ఉండే కార్కు ప్యాకింగు నలిగి, పిగిలి, బయటికి వచ్చేసి ఉంది. బోల్టుల దగ్గర రేకు సొట్టలు పడింది. ఆ బోల్టులు ఆదివారం ఆదివారం ఎవరు బిగించారో అందరికీ తెలుసు. ఓనరమ్మే, ‘ఇంత బిగించి పెడితే ఎవురికైనా ఏడుపొస్తాదన్నా’ అంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ కూడా నవ్వాడు గాని, చేతిలో పానా ఎక్కడ దాచాలో తెలియని పిల్లాడిలా ఉన్నాడు. నాకు ఆయన మీద ఎంత జాలేసిందో చెప్పలేను. అత్తను చెల్లెలి దగ్గరికి తీసుకుపోయే బండి ఎక్కడ ఆగిపోతుందోననే భయంతోనే కదా అంతలా బిగించింది!

బస్టాండు దగ్గరి షాపులో కొత్త ప్యాకింగు దొరికింది. మూతను చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా కొట్టి సొట్టలు తీశాడు మామ. బోల్టులు వేళ్ళతో తిప్పి, పానాతో కాస్తంత అంటే కాస్తంతే బిగించి వదిలేశాడు. ఆ వదిలెయ్యడమే ఆయనకు కష్టమైంది. బుధవారం తెల్లవారేసరికి పానాతో బానెట్ ముందు నిలబడి ఉన్నాడు. వంటింటి కిటికీలోంచి అత్త చూసింది. ‘ముట్టుకోవద్దు దాన్ని. ఈ ఒక్క తూరికి నమ్మి సూడు’ అంది. అత్త ఆయనతో ‘నువ్వు’ అన్నట్టు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. మామ పానా కింద పెట్టేశాడు. కారును ఒకసారి మార్కెట్టు దాకా తిప్పి తెచ్చి ముగ్గు మీదే నిలిపాడు. కొంతసేపటికి ముందుకు జరిపి చూస్తే ముగ్గు పాలలా తెల్లగా ఉంది. అప్పుడే మండీ వ్యాపారి వచ్చాడు. మేమెవరం నోరు తెరవకముందే ఓనరమ్మ గేటుకు అడ్డం నిలబడి, ‘అమ్మేది లేదు, పోప్పా’ అని పంపించేసింది.

ఆ ఆదివారం కుప్పం పోయాం. అత్త ముందు సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పుంగనూరులో ఆగినప్పుడూ, పలమనేరులో ఆగినప్పుడూ మామ దిగి కారు కిందికి వంగి చూసి, ఏమీ లేదన్నట్టు అత్తకు చెయ్యి ఊపాడు. చెల్లెలి ఇంటి ముందు కారు దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అత్త నడిచి వెళ్తుంటే మామ స్టీరింగు దగ్గరే కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. మామ పోయాక కూడా ఆ కారు చాలా ఏళ్ళు మా ఇంట్లో ఉంది, అత్తను కుప్పం తిప్పుతూనే ఉంది, మా ఆయన నడిపేవాడు. ఆ పాత బండి ఇంకెంత కాలం ఉంటుందోనని మేమంతా వంగి వంగి దాని కిందికి చూసిన రోజుల్లో, తరిగిపోతున్న కాలం మామదని మాలో ఒక్కరికీ తట్టలేదు.