ప్రింటులో కనిపించని కొలత

నాచారంలో లోహపు భాగాలు కోసిచ్చే మా షెడ్డులో కస్టమర్లు పంపే డ్రాయింగ్ ఫైళ్లు తెరిచి, ప్రింటు తీసి మెషిన్ల దగ్గరికి పంపేది నేనే. ఎవరో వేసిచ్చిన దొంగ సాఫ్ట్‌వేర్‌తో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. ఒకరోజు పొద్దున్నే అది మొరాయించింది.

"ఉచితంగా దొరికేదేదో ఒకటి వేసెయ్యమ్మా. చూడ్డానికే కదా, గియ్యడానికా?" అన్నారు మా ఓనరు. కోస్తా నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ మనిషి. తొందర ఆయన ఇంటిపేరు.

నేను రెండు ఎంచాను. ఒకటి తేలిక, మా ముసలి కంప్యూటర్‌లో చిటికెలో తెరుచుకుంది. రెండోది బరువు, డౌన్‌లోడ్ నత్తనడక. ఒకే ఫైలును రెండింట్లోనూ తెరిచి పోల్చుకోవాలని నా పట్టు. ఆయన నా కుర్చీ వెనకే నిలబడి, "బొమ్మ కనబడుతోందిగా! ఇంకా పరీక్షలేంటి?" అని డౌన్‌లోడ్ మధ్యలోనే ఆపించి, మొదటిదాంట్లోంచి తీసిన ప్రింటు పట్టుకుపోయారు. నాకు ఒళ్లు మండింది.

ఆ రోజు పని మామూలుది కాదు. కొత్త కస్టమర్ ఒకాయన తన పంపు కాస్టింగ్, అంటే పోతపోసిన భాగం, ఇచ్చారు. బేరింగ్ కూర్చునే రంధ్రాన్ని కొలతకు తేవాలి. ఉన్నది ఆ ఒక్క కాస్టింగే. అది చెడితే ఆయన మళ్లీ మా గడప తొక్కరు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీశానే గానీ మనసు ఊరుకోలేదు. అదే ఫైలును ఫోన్‌లో వేరే ఉచిత యాప్‌తో తెరిచాను. రంధ్రం కొలత పక్కన చిన్న అంకెలున్నాయి, ఎంత సన్నటి తేడా వరకు ఒప్పుకుంటారో చెప్పేవి. ప్రింటులో అక్కడ తెల్లకాగితమే. ఆ అంకెల ఫాంటు లేక మా సాఫ్ట్‌వేర్ వాటిని చడీచప్పుడు లేకుండా మింగేసింది. మా షెడ్డులో కొలత పక్కన ఏమీ రాసి లేకపోతే దాన్ని 'ఓపెన్' అంటారు, కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదని. ఖాళీ చూసి ఎవరూ అనుమానపడరు, పైగా సంతోషిస్తారు.

డబ్బా అలాగే వదిలేసి ఫోన్‌తో పరుగెత్తాను. లేత్ తిరుగుతోంది. టూల్ కోతలో ఉండగా ఆఫీసువాళ్లు మెషిన్ ముట్టుకోకూడదన్నది మా దగ్గర కట్టుబాటు. కేక వేశాను. ఆ మోతలో లేత్ నడిపే టర్నర్ అన్నకు వినబడలేదు. ఎర్ర బటన్ నేనే నొక్కేశాను.

"ఏంది చెల్లె గిట్ల జేసినవ్? నడుస్తున్న మెషిన్ మీద చెయ్యేస్తరా?" అని ఆయన మండిపడ్డాడు.

"తర్వాత తిట్టు అన్నా. ఆఖరి కోత తీసినవా?"

"తియ్యలే. ఇగ తీస్తుంటి."

ఫోన్ చూపించాను. ప్రింటు పక్కన పెట్టి చూసుకున్నాడు. "ఓపెన్ అనుకొని ఫికర్ లేకుండ కోస్తున్న గదా!" అంటూ గేజీ తీసుకుని రంధ్రం కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"మాల్ ఉంది. జరంత ఉంది, సరిపోతది," అన్నాడు. ఆఖరి కోతకు కావలసిన లోహం ఇంకా మిగిలే ఉందన్నమాట.

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది.

మెషిన్ ఆగిందని వచ్చిన ఓనరు సంగతంతా విని ప్రింటునూ నా ఫోన్‌నూ మార్చి మార్చి చూశారు. అంతలో కస్టమర్ ఫోను. ఈయన గొంతు సవరించుకుని, "మా దగ్గర ప్రతి డ్రాయింగూ రెండు సాఫ్ట్‌వేర్లలో చూసుకున్నాకే మెషిన్ ఎక్కుతుందండీ," అన్నారు, నా వైపు చూడకుండా.

కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. లేచి ఆఫీసులోకి వెళ్లి, ఆయన ఫోన్ పెట్టేసేలోపే ఆ రెండోదాన్ని మళ్లీ డౌన్‌లోడ్‌కు పెట్టాను.