షినాస్ వంజరం, రుస్తాఖ్ పెళ్లి

నేను పుట్టింది గోదావరి లంకలో. వరద నీళ్లు ఎర్రగా ఉన్నప్పుడు ఏ చేప వస్తుందో, చలికాలంలో నీళ్లు తేటపడ్డాక ఏది గేలానికి పడుతుందో మా మేనమామ పక్కన రేవులో కూర్చుని నేర్చుకున్నాను. అక్షరాలకంటే ముందు వచ్చిన చదువు అది. పెళ్లయ్యాక ఒమాన్ వచ్చి సీబ్‌లో కాపురం పెట్టాం. నేను ఒక పళ్ల డాక్టర్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. సముద్రం ఇంటికి కూతవేటు దూరమే కానీ, నాకు కనిపించే చేపలన్నీ మార్కెట్లో ఐసు మీద పడుకున్నవే. తాడు చివర చేప కొట్టుకుంటే అరచేతికి తెలిసే ఆ అదురు కోసం ప్రాణం లాగేది. నా సణుగుడు భరించలేక మా ఆయన మూర్తి ఒకరోజు, "షినాస్ సైట్‌లో పనిచేసినప్పుడు సయీద్ అని ఒకాయన పరిచయమయ్యాడు. సొంత పడవ ఉంది. అడుగుతానుండు," అన్నారు. 2008లో మా షినాస్ ప్రయాణాలు అలా మొదలయ్యాయి.

షినాస్ ఉత్తర బాతినా తీరంలో, దాదాపు ఎమిరేట్స్ సరిహద్దు దగ్గర ఉంటుంది. సీబ్ నుంచి రెండున్నర గంటల ప్రయాణం. మార్చిలో మొదటిసారి వెళ్లినప్పుడు చిన్న ట్యూనాలు దొరికాయి. వాటిని సయీద్ ఇంటికే తీసుకెళ్లాం. వరండాలో కూర్చున్న మాకు వంటింట్లోంచి పెద్ద చప్పుడు, దాని వెనకే "అబ్బా, చెయ్యి కాలిపాయనే!" అన్న కేక వినిపించాయి. షినాస్‌లో, ఒమానీల ఇంట్లో, అచ్చమైన కడప తెలుగు! పరుగెత్తుకెళ్లి చూస్తే గిన్నె కిందపడేసి వేళ్లు ఊదుకుంటూ నాగరత్నం. ఆ ఇంట్లో వంటమనిషి. రాయచోటి దగ్గర పల్లె.

"యాడోళ్లు మ్మా మీరు? తెలుగోళ్లా?" అని నా చెయ్యి పట్టుకుంది. మేం సీబ్ నుంచి వచ్చామనగానే కాలిన సంగతే మర్చిపోయింది. "మా చెల్లెలు లక్ష్మి సీబ్‌లోనే ఉండాది, ఒక విల్లాలో. అది ఈ దేశానికొచ్చి రెండేండ్లాయ. ఇంతవరకు దాని మొగం సూసింది లేదు. నాకు సెలవున్నప్పుడు దానికి ఉండదు, దానికున్నప్పుడు నాకుండదు."

ఆ వేసవిలో మళ్లీ వెళ్లాం. జూన్‌లో అక్కడి సముద్రం కాచిన నీళ్లలా ఉంటుంది. సయీద్ మాకు అర్థమయ్యే హిందీలో, "పానీ గరమ్, మఛ్లీ నీచే," అన్నాడు. చేప చల్లదనం కోసం లోతుకి దిగిపోతుందట. బరువు కట్టి తాడు అడుగుకి వదిలితే తప్ప పడలేదు. ఎండెక్కేలోపు ఒడ్డుకి వచ్చేశాం. ఆరోజు నాగరత్నం, సయీద్ తోటలో కాసిన మామిడికాయలతో పెట్టిన ఆవకాయ సీసా ఇచ్చి చెల్లెలికి అందించమంది. అలా నాకు లక్ష్మితో స్నేహం కుదిరింది. ఆగస్టు నుంచి రెండు నెలలు వంజరం గుడ్లు పెట్టే కాలం, దాన్ని పట్టకూడదు. అక్టోబరు మొదట్లో వెళ్లినప్పుడు ఒడ్డునే గేలం వేసుకుని చిన్నాచితకా చేపలతో సరిపెట్టుకున్నాం. "చలికాలంలో రండి. చిన్న కవళ్ల చేపలు గుంపులుగా ఒడ్డుకొస్తాయి. వాటి వెంట కనాద్ వస్తుంది," అన్నాడు సయీద్. కనాద్ అంటే మన వంజరమే.

జనవరి రాగానే నేను లక్ష్మి పనిచేసే ఇంటికి వెళ్లి వాళ్ల మేడమ్‌ని అడిగాను. ఆవిడ స్కూలు టీచరు, మంచి మనిషి. ఒక గురువారం సెలవిచ్చింది, కానీ పొద్దుగుంకే వేళ, మగ్రిబ్ నమాజుకి లక్ష్మి ఇంట్లో ఉండాలంది. ఇంట్లో చిన్నపిల్లలు, సాయంత్రం ఆవిడకి ఎక్కడికో వెళ్లే పనుంది. సరేనన్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి సీబ్‌లో బయల్దేరాం. లక్ష్మి కొత్త చుడీదార్ వేసుకుని, ఒళ్లో స్వీట్ల డబ్బా పెట్టుకుని, వెనక సీట్లో నిటారుగా కూర్చుంది. బర్కా దాటాక రోడ్డు తీరం వెంటే ఉత్తరానికి పోతుంది. రౌండబౌట్ల దగ్గర తప్ప ఎక్కడా ఆగక్కర్లేదు. సహమ్‌లో ఒక మలయాళీ హోటల్లో పరోటా, గుడ్డుకూర, చాయ్ ముగ్గురికీ కలిపి ఒక రియాల్ లోపే అయింది. లక్ష్మి చాయ్ మాత్రమే తాగింది. "ఆకలి కాలేదా?" అంటే, "నేనొస్తాండేది అక్కకు చెప్పలే మేడమ్. సూస్తానే ఏమన్నా చేసి పెడతాది. కడుపు ఖాళీగా పెట్టుకున్నా," అంది.

ఏడింటికి షినాస్ చేరేసరికి సయీద్ ఇంటి ముందు కార్లు లేవు. వంటింటి తలుపుకి గొళ్లెం పెట్టి ఉంది. సయీద్ ఒక్కడే పికప్‌లోకి వల ఎత్తుతున్నాడు. మమ్మల్ని చూసి నవ్వి, రాత్రికి రాత్రి జరిగిన సంగతి చెప్పాడు. రుస్తాఖ్‌లో వాళ్లావిడ అన్న కూతురి పెళ్లి. అక్కడి వంటమనిషికి జ్వరం వస్తే, నాగరత్నాన్ని వెంటబెట్టుకుని రమ్మని కబురొచ్చింది. సయీద్ తమ్ముడు ఆడవాళ్లందరినీ కారులో ఎక్కించుకుని రాత్రే వెళ్లిపోయాడు. "పెళ్లింటికి చేపలు నేను తెస్తానని మాటిచ్చాను. మీరెలాగూ వస్తారు కదా, కలిసి వేటాడి వెళ్దామనుకున్నా," అన్నాడు. లక్ష్మి ఎవరో, ఎందుకొచ్చిందో ఆయనకి తెలియదు.

నేను లక్ష్మికి తెలుగులో చెప్పాను. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. స్వీట్ల డబ్బా తీసి సీటు మీద పెట్టి, "పోనీలే మేడమ్. మీరు చేపలు పట్టుకోండి. నేను కారులో కూర్చుంటా," అంది.

మూర్తి సయీద్‌ని పక్కకి తీసుకెళ్లి విషయమంతా చెప్పారు. వింటున్నకొద్దీ ఆయన కనుబొమలు పైకి లేచాయి. "రెండేళ్లా? నా ఇంట్లో ఉన్న మనిషి చెల్లెలా?" అని లక్ష్మి వైపు తిరిగాడు. రుస్తాఖ్ మీకు సీబ్ వెళ్లే దారికి పెద్ద దూరం కాదు, పదిన్నరకి ఇక్కడ కదిలితే ఒంటిగంటకి అక్కడుంటాం, నా వెనకే రండి అన్నాడు. "కానీ ఉత్త చేతులతో పెళ్లింటికి నేను వెళ్లను. ఇవాళ నాకు సాయం పట్టే తమ్ముడూ లేడు. తాడు పట్టడానికి ఒక మనిషి కావాలి."

"నేనున్నానుగా," అన్నాను.

మూర్తికి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. ఐసు కొనుక్కొచ్చే పని ఆయన తీసుకున్నారు. లక్ష్మి కాసేపు నీళ్ల వంక చూసి చెప్పులు విప్పింది. "నాకు ఈత రాదు మేడమ్. అయినా వస్తా. ఈడ కూర్చుంటే ఏడుపొస్తాది."

ఫైబర్ పడవకి మోటారు వెనకుంటుంది. సయీద్ అక్కడ నిలబడ్డాడు. చెరోవైపు పొడవాటి నైలాన్ తాళ్లకి కవళ్లు ఎరగా గుచ్చి వదిలి, పడవని నెమ్మదిగా నడిపిస్తూ పోవడం అక్కడి పద్ధతి. ఒడ్డు సన్నటి గీతలా మారింది. వెనక కొండలు నీలంగా తేలాయి. చలిగాలి ఉప్పుతో కలిసి మొహాన కొట్టింది. గంట గడిచింది, ఏమీ లేదు. ఇంకో అరగంట. లక్ష్మి పడవ అంచు పట్టుకుని రెండుసార్లు వాంతి చేసుకుంది. తాగిన చాయ్ తప్ప కడుపులో ఏముంది పాపం. నేను తాడు పట్టుకుని మా లంకలో మొక్కే దేవతలందరినీ తలుచుకున్నాను. నా వేట సరదా కోసం అయితే ఉత్త చేతులతో వెనక్కి వచ్చినా బాధ లేదు. ఆరోజు అలా కాదు.

తొమ్మిది దాటాక సయీద్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూపించాడు. తెల్లటి పక్షులు గుంపుగా నీళ్ల మీదికి దూకి లేస్తున్నాయి. పడవ అటు తిరిగింది. దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టున్నాయి. కవళ్లు వెండి రేకుల్లా గాల్లోకి ఎగిరి పడుతున్నాయి. "కనాద్! కనాద్!" అని సయీద్ అరుస్తుండగానే నా చేతిలో తాడు ఒక్కసారి బిగుసుకుంది.

గోదావరి చేప లాగడం వేరు, ఇది వేరు. తాడు అరచేతిలోంచి మంటపుట్టిస్తూ జారిపోయింది. చున్నీ చేతికి చుట్టుకుని ఆపాను. మోకాళ్లు పడవ గోడకి తన్నిపెట్టి లాగుతుంటే నాతోపాటు ఇంకో జత చేతులు తాడు పట్టుకున్నాయి. లక్ష్మి!

"గుంజు మేడమ్, గుంజు! ఇడిసిపెట్టొద్దు!"

"నువ్వు అంచుకి వెళ్లకే, పడతావు!"

"పడితే పడతా, గుంజండి ముందు!"

నీళ్లలో బారెడు వెండి మెరుపు కనిపించింది. సయీద్ కొంకి వేసి ఎత్తి పడవలోకి లాగాడు. నిగనిగలాడే వంజరం మా ఇద్దరి కాళ్ల మధ్య టపటపా కొట్టుకుంటుంటే లక్ష్మి కెవ్వున అరిచి, మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి నేనూ, మమ్మల్ని చూసి సయీద్. ఆ గుంపు మా చుట్టూ ఉన్నంతసేపూ తాళ్లు ఖాళీగా లేవు. పడవ అడుగు నిండింది. "బస్, పెళ్లికి చాలు. మిగిలింది సముద్రానికి," అని ఆయన పడవ తిప్పాడు.

ఒడ్డున మూర్తి ఐసు పెట్టెలతో సిద్ధంగా ఉన్నారు. నా అరచేయి చూసి, "ఇదా సరదా?" అన్నారు కానీ, చేపల్ని చూశాక ఫోటోలు తీయడం ఆపలేదు. సయీద్ భార్యకి ఫోన్ చేయబోతే లక్ష్మి చేతులు జోడించి ఆపింది. "అక్కకు చెప్పొద్దని చెప్పండి మేడమ్."

పికప్ ముందు, మా పాత కరోలా వెనక. సొహార్, సువేక్ దాటాక తీరం వదిలి కొండలవైపు మలుపు తీసుకున్నాం. ఖర్జూర తోటలు, నిమ్మతోటలు, గోడలు లేస్తున్న కొత్త ఇళ్లు, వాటి వెనక బూడిదరంగు కొండలు. ఈ దారి పగటిపూటే చూడాలి. కారంతా ఉప్పు వాసన, చేప వాసన. లక్ష్మి అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకోబోయి, లాభం లేదని వదిలేసింది. తిరిగి సీబ్ చేరేవరకు మొత్తం ప్రయాణానికి పెట్రోలు అయిదు రియాళ్లు దాటలేదు. పడవకి సయీద్ మా దగ్గర ఏనాడూ తీసుకోలేదు. మామూలుగా అయితే ఒక పూటకి ఇరవై రియాళ్ల పైమాటే అడుగుతారు.

ఒంటిగంట దాటాక పెళ్లింటికి చేరాం. వెనక వాకిట్లో కట్టెల పొయ్యిల మీద మనిషి పట్టేంత డేగిసాలు, చుట్టూ ఆడవాళ్లు. ఒక చాప మీద మాకు వీపు పెట్టి కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది నాగరత్నం. లక్ష్మి అన్నిటికంటే పెద్ద వంజరాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని, తూలుకుంటూ వెళ్లి ఆమె వెనక నిలబడింది. ఎవరో చేపలు తెచ్చారనుకుని, తల తిప్పకుండానే, "ఉధర్ రఖో, ఉధర్," అంది నాగరత్నం.

"యాడ పెట్టాలక్కా? శానా బరువుండాది," అంది లక్ష్మి.

కత్తి ఆగిపోయింది. నాగరత్నం ఒక్కసారి తిరిగి, లేచి, చెల్లెల్ని చేపతో సహా వాటేసుకుంది. ఇద్దరి మధ్యనుంచి వంజరం జారి ఉల్లిపాయల్లో పడింది. "ఏమే, ఇంత సిక్కిపోయినావే! ఈ కంపేందే నీ ఒంటికి!" అని ఏడుస్తూ తిడుతోంది, తిడుతూ ముద్దులు పెడుతోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లకి ముందు ఏమీ అర్థం కాలేదు. సయీద్ భార్య అరబ్బీలో చెప్పగానే వాకిట్లో అందరూ ఒక్కసారి నాలుక తిప్పుతూ పెళ్లికేకలు పెట్టారు. పెళ్లికూతురి కోసం దాచుకున్నవి ముందు వీళ్లకే అందాయి.

సయీద్ భార్య నాగరత్నం చేతిలో కత్తి తీసేసుకుని, ఇక కూర్చోమంది. కానీ నాగరత్నం వినదే. "కూర్చుంటే ఏడుస్తానే ఉంటా మేడమ్," అని చేపల బుట్ట దగ్గరికి లాక్కుంది. అక్క కోస్తుంటే చెల్లెలు కడిగింది. పళ్లెం నిండా అన్నం, మాంసం పెట్టిస్తే ఒకే పళ్లెంలో తిన్నారు. ఊళ్లో ఎవరి గొర్రె ఈనింది, ఎవరు బోరు వేయించుకున్నారు, చిన్నాయన కోపం తగ్గిందా, ఒకటే కబుర్లు. నాకూ మూర్తికీ దిండ్లు వేసి కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, కహ్వా అనే అరబ్బీ కాఫీ పోస్తూనే ఉన్నారు. మేం కప్పు ఊపి చాలనేదాకా ఆపరు.

నాలుగు కాకముందే లేవాల్సి వచ్చింది. అప్పుడు మాత్రం ఇద్దరూ ఏడవలేదు. సయీద్ భార్య లక్ష్మి తల నిమిరి, రంజాన్ పండగకి నాగరత్నాన్ని తానే సీబ్ తీసుకొస్తానని చెప్పింది. తెచ్చింది కూడా. మగ్రిబ్ అజాన్ మొదలవుతుండగా లక్ష్మిని వాళ్ల గేటు దగ్గర దించాం.

ఏ రుతువులో ఏ చేప వస్తుందో నాలుగు ప్రయాణాల్లో కొంత తెలుసుకున్నాను. వేసవిలో లోతుకి పోయేది, చలికాలంలో ఒడ్డుకి వచ్చేది, పట్టకుండా వదిలేయాల్సిన నెలలు, అన్నీ గోదావరిలోలాగే ఇక్కడా ఒక క్రమం. కానీ ఆ గురువారం అయినంత ఆనందం ఏ వేటలోనూ కాలేదు. విచిత్రమేమిటంటే ఆ చేపలు రాత్రి విందుకి వండారు, మేం అప్పటికే సీబ్‌లో ఉన్నాం. నా చేతులతో లాగిన మొదటి వంజరం రుచి ఎలా ఉందో నాకిప్పటికీ తెలియదు. ఆరోజు రాత్రి ఇంట్లో ఉన్నది చారు. చేతికి కట్టు ఉండటంతో మూర్తి కలిపి పెడితే తిన్నాను. అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

మీరు వెళ్లేట్టయితే ఒక్క మాట: శుక్రవారం పెట్టుకోకండి. ఆరోజు జుమా నమాజుకని పడవలు చాలావరకు ఒడ్డునే ఉంటాయి. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య ఒక గురువారం చూసుకుని, ముందురోజు సాయంత్రమే పడవాయనతో మాట్లాడి పెట్టుకోండి.