రెక్కకు కట్టిన నిమ్మకాయ

మాది చొప్పదండి. పోయిన ఎండకాలం ఫోమ్ బోర్డు కోసి, అతికించి, రెండు మోటర్ల రిమోట్ విమానం తయారు చేసిన. మొదటిసారి ఎగరేసేనాడు మా అవ్వ, "కొత్త బండికి కట్టమా?" అనుకుంట, దిష్టి తగలొద్దని ఒక రెక్కకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. వద్దంటే అలుగుతదని ఊకున్న.

అవ్వ నిలబడి చూస్తుంటే కోసిన పొలంల మంచిగనే లేచింది. అంతల దిష్టిదారం ప్రొపెల్లర్‌కు చుట్టుకొని ఆ దిక్కు మోటర్ ఆగింది. విమానం గిర్రున మర్లి సీదా అవ్వ మీదికే వచ్చింది. రిమోట్ ఎటు తిప్పినా వినలే. "అవ్వా, ఉరుకు!" అని మొత్తుకున్న. అవ్వ దండం పెట్టుకుంట అట్లనే నిలబడ్డది.

విమానం ఆమె కొంగును రాసుకుంట పోయి, పొలం ఒడ్డుకు గుద్ది ముక్కలైంది. నేను ముక్కలు జమ చేస్తుంటే అవ్వ నిమ్మకాయ ఏరుకొచ్చింది.

"చూసినవా బిడ్డా, ఇది కట్టబట్టే నాకేం గాలే."

ఎవరికి చెప్పుకోను? ఇప్పుడు ఇంకో విమానం చేస్తున్న. దానికి రెండు రెక్కలకూ కడుతదట.