మిరప కల్లంలో హార్మోనియం

ఆ రోజుల్లో మనిషి ముఖం చూసి కాదు, సైకిలు మీద ఏం కట్టుకొచ్చాడో చూసి వాడెవడో తేల్చేసేవారు. పాలక్యాను కడితే పాలవాడు, బట్టల మూట కడితే బట్టలవాడు, ఐసు డబ్బా కడితే ఐసువాడు. ఇప్పుడలా కాదు. నెత్తిన చిల్లుల టోపీ పెట్టుకుని (ఎండ ఆపని టోపీ ఎందుకో నాకిప్పటికీ బోధపడదు) ఊళ్ళన్నీ తిరిగొచ్చి ఫోటోలు పెడుతున్నారు. మొన్న మా మనవరాలు ఫోనులో అలాంటి ఫోటో ఒకటి చూపించి, "తాతయ్యా, ఈయన గిటారు కట్టుకుని సైకిల్ టూరు చేశాడట. ఇంతవరకూ ఇలా ఎవరూ చెయ్యలేదట" అంది. ఎవరూ చెయ్యలేదట! నాకు ఒళ్ళు మండింది. గిటారు ఎంతుంటుంది? తలగడంత బరువుండదు. నేను చిలకలూరిపేట దగ్గర్నుంచి కనిగిరి దాకా సైకిలు మీద హార్మోనియం మోశాను. ఫోటో లేనంత మాత్రాన జరగలేదంటారా?

నా చదువు ఐదో తరగతితో సరి. తతిమ్మాది పొట్లాల కాగితాలు చదివి సంపాదించుకున్నదే. హార్మోనియం కూడా అంతే. పౌరాణిక నాటకాలప్పుడు స్టేజీ పక్కన నిలబడి హార్మోనిస్టు వేళ్ళు చూసి కొంత, సంతలో దొరికిన పాత స్వరాల పుస్తకం చూసి కొంత నేర్చుకున్నాను. ఆ పుస్తకానికి వెనక సగం లేదు. అందువల్ల నా రాగాలు ఎక్కేటప్పుడు శాస్త్రప్రకారం ఎక్కేవి, దిగేటప్పుడు మాత్రం వాటికి తోచినట్టు దిగేవి. అప్పట్లో నేను జిన్నింగు మిల్లులో పెద్ద గోనె బోరాల్లో పత్తి తొక్కేవాణ్ణి. అలాంటి సమయంలో కనిగిరిలో ఒక నాటక సమాజానికి హార్మోనిస్టు కావాలని, శుక్రవారం పొద్దున వచ్చి వాయించి చూపిస్తే ఉద్యోగమేనని కబురొచ్చింది. కాళ్ళతో బతికేవాడికి వేళ్ళతో బతికే అవకాశం! రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పెట్టె మా మేనమామది. "బస్సు టాపు మీదేస్తే రీడ్లు రాలిపోతాయిరా. సైకిలు మీద పసిబిడ్డను తీసుకుపోయినట్టు తీసుకుపో" అని షరతు పెట్టాడు. తోడు మా పంపు భాయి వస్తానన్నాడు. వాడిది మా వీధి చివర సైకిలు షాపు. గాలికొట్టే పంపు లేకుండా పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళేవాడు కాదు గనక ఆ పేరు. వాడికి సంగీతంతో పనిలేదు. కనిగిరి కొండ మీద కోట చూడాలని వాడి యావ. ఇద్దరం కలిసి దానికి సైకిలు టూరని పేరు పెట్టుకుని, పెట్టెను పాత దుప్పట్లో చుట్టి, నా క్యారేజీకి ట్యూబు ముక్కలతో బిగించి, గురువారం తెల్లవారుతూనే బయల్దేరాం.

కట్టు ఎక్కడో ఒక మెట్టు మీద బిగుసుకున్నట్టుంది. గుంటలో చక్రం పడ్డప్పుడల్లా పెట్టె "బుయ్‌య్" మని మూలిగేది. అద్దంకి దాకా గుంటలకు లోటులేదు. గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. "గురూ, నీకంటే ఈ రోడ్డే బాగా వాయిస్తంది" అన్నాడు పంపు భాయి. కళాకారుడు దారిలో మాటలు పడాలని నాకు తెలుసు.

దర్శి రోడ్డులో ఒక ఊరు (పేరు చెప్పను, మాకు ఇప్పుడక్కడ వియ్యంకులున్నారు) చేరేసరికి ఎండ వాలుతోంది. మిరపకోతల కాలం. ఊరి చుట్టూ కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. టీ కొట్టు ముందు దిగామో లేదో, కొట్టాయన పరుగున వచ్చి బల్ల తుడిచాడు.

"రండి రండి! ఊరంతా కాసుకొని ఉంది మీ కోసం. పోయినేడు రానేలేదు మీరు."

"పోయినేడు నాకింకా చెయ్యి తిరగలేదండీ" అన్నాను వినయంగా.

"మిగతావాళ్ళు ఎనక వస్తన్నారా?"

"మిగతావాళ్ళెవరూ లేరండీ. నేనొక్కణ్ణే."

"ఒక్కడివే! అన్నీ నువ్వేనా?"

"అన్నీ నేనే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు."

ఆయన నావంక కాసేపు నోరు తెరుచుకుని చూసి, అడగకుండానే పళ్ళెం నిండా బజ్జీలు తెచ్చి పెట్టాడు. నా పేరు అద్దంకి దాటి ఇంత దూరం ఎలా వచ్చిందా అని నాకు ఆశ్చర్యమేసింది. వచ్చింది మరి, ఏం చేస్తాం అనుకున్నాను. "గురూ, నాకేదో తేడాగా ఉంది" అని పంపు భాయి గొణిగాడు. "కళకిచ్చే మర్యాద ఇలాగే ఉంటుంది. పంక్చర్లు వేసుకునేవాడివి, నీకేం తెలుసు?" అన్నాను.

ఈలోగా మిరపకోత ఆడవాళ్ళు గుంపుగా వచ్చి వాడి చుట్టూ మూగారు. వాడు ఎర్రగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడు. ఆ కోత ముఠాకు పెద్దామె, అందరూ పెద్దమ్మ అని పిలిచేవారు, వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆడవేషం ఈ పిల్లోడిదే మే! గడ్డం చూడండి, ఎంత నున్నగా ఉందో."

"నేను సైకిల్ షాపోణ్ణమ్మా!"

"అట్టాగే అంటార్లే. ఆ ముందేడు వచ్చినోడు గూడా ఎరువుల కొట్టోణ్ణన్నాడు. తీరా రంగేస్తే మహాలచ్చిమి లాగున్నాడు. చీర నాది ఇస్తాలే నాయనా, సిగ్గుపడమాక."

అప్పుడు చూశాను కొట్టుకు ఎదురుగా ఉన్న బడి వైపు. ఆవరణంతా గోతాలు, చాపలు, చిరుగు దుప్పట్లు! ఒకరి గోతాన్ని ఇంకొకరు జరిపారని అప్పుడే రెండు చోట్ల తగువు. సంగతి బోధపడింది. ఆ రోజుల్లో నాటకం వేసే ఊరికి ముందుగా వచ్చేవాడు హార్మోనిస్టే. సైకిలు మీద పెట్టె ఊళ్ళోకి వచ్చిందంటే పొద్దుగూకాక నాటకమనే లెక్క. చాటింపు అక్కర్లేదు. గోతం పరిచి చోటు పట్టుకోవడమే. నేను నా కీర్తి అనుకున్నది నా క్యారేజీ మీది పెట్టె!

"నాటకం లేదండీ!" అని అరిచాను.

"లేకపోతే పెట్టెందుకు తెచ్చినట్టు?" అంది పెద్దమ్మ.

"కనిగిరి తీసుకుపోతున్నాం."

"కనిగిరోళ్ళకి పెట్టెల్లేవా?"

ఉండే ఉంటాయి. నిజం చెప్పొద్దూ, ఆ సంగతి మేనమామకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

పారిపోదామని పంపు భాయి సైకిలు తిప్పాడు. ఇంతలో తలపాగా విసురుతూ మీసాల రైతు ఒకాయన ఊడిపడ్డాడు. "ఎవడ్రా ఆ పెట్టె తెచ్చినోడు? ఆకాశం చూడు! పంటంతా కల్లంలో పరిచుంది. నీ పెట్టెను జూసి నా ముఠా అంతా పనొదిలేసి గోతాలు పరుచుకుంటన్నారు. చినుకు పడిందంటే కాయంతా తాలైపోద్ది, నన్ను నువ్వు సాకుతావా?" పడమటి దిక్కున మబ్బు నిజంగానే నల్లగా లేచింది. ఆయన కూలీలను పిలిచాడు, తిట్టాడు, దణ్ణం పెట్టాడు. లేస్తే చోటు పోతుందని ఒక్కరూ లేవలేదు. ఆయన కళ్ళలో భయం చూశాక నాకిక పారిపోబుద్ధి కాలేదు. చివరికాయన ఏమనుకున్నాడో, నా క్యారేజీ మీది కట్లు తెంపి, పెట్టెను భుజానికెత్తుకుని కల్లం వైపు నడిచాడు.

"పెట్టె ఏడుంటే నాటకం ఆడనేగా! రండి!"

ఊరంతా ఎవరి గోతం వాళ్ళు చంకన పెట్టుకుని వెనక నడిచింది. వాళ్ళ వెనక "అయ్యా, మా మేనమామ పెట్టె!" అంటూ నేను.

కల్లంలో నన్ను మిరపకాయల రాశి పక్కన కూలేశారు. పెద్దమ్మ ఒకసారి మబ్బు చూసింది, ఒకసారి రైతును చూసింది, కొంగు బిగించింది. "వాయించరా అబ్బాయ్! నాటకం లేకపోతే మానె, పాటన్నా కానీ. మేయ్, గంపలు పట్టండి!" నేను మొదలుపెట్టాను. నా రాగం ఎక్కుతుంటే రాశులూ లేస్తున్నాయి. అది దిగే చోటు వాళ్ళకు తెలీదు, నాకూ తెలీదు గనక ఎవరికీ చిక్కు రాలేదు. చోటు పట్టడానికి తెచ్చిన గోతాలు, చాపలు రాశుల మీదికెక్కాయి. పంపు భాయి కూడా పంపు చంకన పెట్టుకునే గంపలెత్తాడు. ఎర్రటి దుమ్ము మబ్బులా లేచి నన్ను కమ్మేసింది. కళ్ళ వెంట, ముక్కు వెంట ధారలు. "పాపం, ఎంత లీనమైపోయి వాయిస్తన్నాడో చూడండే" అని ఎవరో ఆడమనిషి కంటతడి పెడుతూ అనడం విన్నాను. నా కన్నీళ్ళు దుమ్ము వల్లేనని తెలుసు, ఆమె కన్నీళ్ళు మాత్రం నా పాటకేనని నమ్మాను. ఆఖరి రాశి కప్పేసరికి చినుకులు టపటపా మొదలయ్యాయి. రైతు గోతం ఒకటి తెచ్చి ముందు పెట్టెకు కప్పి, తరవాత నాకు కప్పాడు. ఆ పూట వాళ్ళింట్లోనే భోజనం.

మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరి, వగరుస్తూ కనిగిరి చేరాం. సమాజం మేనేజరు జరీ కండువాతో కుర్చీలో కూర్చున్నాడు. పక్కన రాజు వేషం వేసే పెద్ద పద్యగాడు. "కానివ్వు" అన్నాడు మేనేజరు. నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, పెట్టె తెరిచి గాలి కొట్టాను.

ముందు మేనేజరు ముక్కు చిట్లించాడు. పద్యగాడు రాగం తియ్యడానికి గుండెల నిండా గాలి పీల్చి, పీల్చినవాడు పీల్చినట్టే ఆగిపోయాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. నిన్న సాయంత్రం నుంచీ ఆ ఘాటులోనే ఉన్న నా ముక్కుకి ఏమీ తెలియలేదు. నేను చూసింది కన్నీళ్ళే. కనిగిరి కూడా కరిగిపోయిందనుకున్నాను. పొంగిపోయి ఇంకా జోరుగా గాలి కొట్టాను. మేనేజరు వరసపెట్టి తుమ్ముతున్నాడు. పద్యగాడు స్తంభం పట్టుకుని దగ్గుతున్నాడు. లోపల్నుంచి వంటావిడ బయటికొచ్చి "పోపు నేనింకా వెయ్యలేదు!" అని అరుస్తోంది. ఇంత కలకలంలోనూ నేను తాళం తప్పలేదని మనవి. "ఆపరా నాయనా!" అన్నాడు మేనేజరు ముఖమంతా కండువా కప్పుకుని. "హార్మోనియం తెమ్మంటే పెట్టెలో ఏం పోసుకొచ్చావురా? పో, బయటికి పో!"

కొండెక్కి కోట గోడ నీడన పెట్టె బోర్లించి తడితే గుప్పెడు మిరప్పొడి, గింజలతో సహా రాలింది. పంపు భాయి దాన్ని చూసి, నన్ను చూసి, పొట్ట పట్టుకున్నాడు. "గురూ, నీ పాటకి ఏడవనోడు లేడు!" నేను పెట్టె ఎత్తుకుని వాడికంటే ముందు కొండ దిగాను. సోమవారం నుంచి మళ్ళీ పత్తి తొక్కాను.

తుమ్మేవాడికి నా గాంధారం ఎలా వినపడుతుంది? విననివాడు వద్దనడానికి వాడికేం హక్కు? ఈ మాట ఎంతోమందిని అడిగాను. అందరూ అన్యాయమే అన్నారు. కానీ ఈమధ్య ఒంటరిగా కూర్చున్నప్పుడు ఇంకో ఆలోచన వస్తోంది. ఆయన తుమ్మకుండా ఉంటే, నా వాయింపు మొత్తం వినేవాడు. తీరిగ్గా, మర్యాదగా, చివరిదాకా విని, అప్పుడు వద్దనేవాడు. ఇక నేనెవరి మీద కోప్పడేవాణ్ణి? ఇన్నేళ్ళూ ఏం చెప్పుకునేవాణ్ణి? ఒక్క రోజు తిరక్కుండానే రెండు ఊళ్ళను ఏడిపించి, రెండుసార్లూ అది తన సంగీతమేనని నమ్మిన ఆ కుర్రాడు నాకప్పుడప్పుడూ గుర్తొస్తాడు. కాదురా అబ్బాయ్ అని వాడికి చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పను. వాణ్ణలా వాయించుకోనిస్తాను.